పెంటమ్మ పెట్టిన పసుపు

అనగనగా అంటే మీరు ఊఁ అనాలి. మీరు ఊఁ అనకపోతే నా కథ ఏట్లో పడి కొట్టుకుపోతుంది. దూకి పట్టుకుందామంటే నాకు ఈత రాదు.

అనగనగా ఒక ఏరు. ఏటి నడుమ ఒక లంక. లంక నిండా ఇసుక, ఇసుక మీద ఒండ్రు, ఒండ్రు మీద తాటాకు గుడిసెలు. దాన్ని సొరలంక అనేవారు. ఎప్పటి మాట అంటారా? మా ముత్తవ్వకి వాళ్ళ ముత్తవ్వ చెప్పిన మాట. అప్పటికే అది పాతబడిన మాట.

సొరలంకకి ఏటేటా ముగ్గురు చుట్టాలు వచ్చేవారు. మొదట వాన, తర్వాత వరద, ఆ తర్వాత బురద. లంకకి ఉన్నది ఒక్కటే పడవ. వరదొచ్చిందంటే అందరికంటే ముందు ఆ పడవే పారిపోయేది. మరి జనం ఎలా బతికేవారు? సొరబుర్రలతో బతికేవారు. సొరకాయని తీగ మీదే ముదరనిచ్చి, తీగ మీదే ఎండనిచ్చి, లోపల గింజలు గలగలమన్నాక కోసి చూరుకి వేలాడదీసేవారు. వరదొస్తే చంకకొక బుర్ర కట్టుకుని ఏట్లోకి దిగేవారు. బుర్ర మునగదు. బుర్ర కట్టుకున్నవాడూ మునగడు. అలా తేలుకుంటూ గట్టుకు చేరేవారు.

లంకలో ఒక కట్టుబాటు ఉండేది. బిడ్డ పుడితే తండ్రి చూరుకి నాలుగు బుర్రలు కట్టాలి. రెండు బిడ్డవి, రెండు తల్లివి. బయటి నుంచి కోడలుగా వచ్చిన పిల్లకి అంతవరకూ బుర్రలు లేవు. బిడ్డని కంటేనే ఆమె లంక మనిషి. అప్పటిదాకా వరదొస్తే మొగుడి నడుం పట్టుకుని ఈదాల్సిందే.

ఆ లంకకి ఒక కోడలు వచ్చింది. పేరు పెంటమ్మ. నవ్వకండి. ఆమె తల్లికి ముందు పుట్టినవాళ్ళు దక్కలేదు. అందుకని ఈమె పుట్టగానే తీసుకెళ్ళి పెంటకుప్ప మీద పడుకోబెట్టి, "ఇది మాకక్కర్లేదు, పారేశాం" అని చావుకి వినపడేట్టు అరిచి, తర్వాత మెల్లగా ఇంటికి తెచ్చుకున్నారు. చావు కూడా పాపం నమ్మేసింది. అలా దక్కిన పిల్ల పెంటమ్మ.

పెంటమ్మకి ఏళ్ళు గడిచినా కడుపు పండలేదు. మొగుడు మారుమనువు చేసుకుని, తన రెండు బుర్రలూ చంకన పెట్టుకుని గట్టుకు పోయాడు. "నువ్వూ మీ పుట్టింటికి పోరాదా?" అన్నారు లంకవాళ్ళు. "నేనెందుకు పోవాలి? ఈ గుడిసె నేను మెత్తింది, ఆ పెంటకుప్ప నేను పోసింది" అంది పెంటమ్మ. లంక చివర ఒక్కతే ఉండిపోయింది.

వరదొస్తే ఆమెకి దిక్కు ఒక తాడిచెట్టు. కొసన ఉన్న మొవ్వ దాకా పాకి, చీర కొంగుతో చెట్టుకు కట్టేసుకుని, నీళ్ళు తీసేదాకా అక్కడే ఉండేది. ఒకసారి నీళ్ళు ఆమె గడ్డం దాకా వచ్చి ఆగాయి. అందరూ గట్టు మీద నుంచి చూశారు. చూసి అయ్యో అన్నారు. అయ్యో అన్నారే గానీ, మరుసటేడు ఆమెకి రెండు బుర్రలు కడదామని ఒక్కరూ అనలేదు. కట్టుబాటు కదా!

పేరంటాల పిలుపు కూడా ఆమె గుడిసె దాకా వచ్చేది కాదు. లంక పెద్ద సింగన్న. అతని పెళ్ళాం సూరమ్మ. ఐదుగురు బిడ్డల తల్లి. సూరమ్మ నడుస్తుంటే చూరుకున్న బుర్రలన్నీ ఆమెకే దణ్ణం పెడుతున్నట్టుండేవి. ఏటి ఒడ్డున పెంటమ్మ ఎదురైతే సూరమ్మ కడవ పక్కకి తిప్పుకునేది.

"పూత లేదు, పిందె లేదు, కాయ లేదు. ఏం బతుకే పెంటీ నీది?" అనేది.

"అయితేనేం అక్కా, వేరుంది" అనేది పెంటమ్మ. అనేసి తన కడవ నింపుకుని పోయేది.

ఒకరు కాదు, ఇద్దరు కాదు, లంకంతా అదే మాట. పూత లేదు, పిందె లేదు, కాయ లేదు. పెంటమ్మదీ ఎప్పుడూ ఒకటే మాట. అయితేనేం, వేరుంది. ఊఁ అంటున్నారా? అనండి.

ఇలా ఉండగా ఒక పుష్యమాసంలో చలి విరగబడి కొట్టింది. లంకవాళ్ళు నెగడు వేసుకున్నారు. గాలి వీచింది. నెగడులోంచి ఒక్క నిప్పురవ్వ లేచింది. వెళ్ళి వెళ్ళి ఎండు తాటాకు చూరు మీద కూర్చుంది. ఇంకేముంది? ఒక గుడిసె, పక్క గుడిసె, ఆ పక్క గుడిసె. జనం పిల్లల్నెత్తుకుని ఇసకలోకి పరిగెత్తారు. మనుషులందరూ దక్కారు. బుర్రలు మాత్రం ఒక్కటి దక్కలేదు. ఫట్ ఫట్ ఫట్ మని పేలిపోతుంటే వినలేక ఆడవాళ్ళు చెవులు మూసుకున్నారు. మళ్ళీ నాటుకోవడానికి దాచిన గింజలు కూడా ఆ బుర్రల్లోనే ఉన్నాయి. అవీ బూడిదయ్యాయి.

గుడిసెలు పోతే మళ్ళీ వేసుకోవచ్చు. గట్టు మీద తాటాకులకేం కరువు? బుర్రలు ఎక్కడి నుంచి వస్తాయి? గట్టు మీద సొర వేసేవాళ్ళే లేరు. శ్రావణమాసానికి వరద వచ్చి తీరుతుంది. ఈలోగా గింజ మొలవాలి, తీగ సాగాలి, కాయ పట్టాలి, ఆ కాయ ఎండాలి. లేకపోతే లంక మొత్తానికీ ఉన్నది ఒక్క తాడిచెట్టు. దాని మీద ఎంతమంది పడతారు?

"ఏ ఇంట్లోనన్నా గింజలున్నాయా?" అన్నాడు సింగన్న. లేవన్నారు.

"వెతికి చూశారా?" లేవన్నారు.

"ఒక్కటన్నా లేదా?" లేదన్నారు.

అప్పుడు వెనకాల నుంచి పెంటమ్మ అంది. "నా పెంటకుప్పలో ఉండాలి బావా."

కిందటేడు ఎవరో ముదిరి పుచ్చిపోయిన సొరకాయ ఒకటి ఆమెకి దానం చేశారు. కూరకి పనికిరాదని ఆమె దాన్ని పెంటకుప్ప మీద విసిరేసింది. వెళ్ళి తవ్వి చూస్తే కండంతా కుళ్ళిపోయింది, గింజలు మాత్రం గట్టిగా ఉన్నాయి. గింజ అంటే అంతే. కాయ కుళ్ళినా అది కుళ్ళదు. తన వేళ వచ్చేదాకా దుప్పటి ముసుగేసుకుని పడుకుంటుంది. పెంటమ్మ వాటిని కడిగి, ఇంటికి మూడేసి చొప్పున పంచింది. తనకీ మూడు ఉంచుకుంది.

సూరమ్మ తన మూడు గింజల్నీ తీసుకుని, అందరూ చూస్తుండగా పసుపునీళ్ళలో ముంచింది.

"గొడ్రాలి చెయ్యి తగిలిందిగా. మైల పోవాలి" అంది.

పెంటమ్మకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు కిందికి మాత్రం రానివ్వలేదు. "ముక్కు కిందికి పెట్టి నాటక్కా" అంది. "గింజకి ముందు కాలొస్తుంది, తర్వాత తలొస్తుంది."

నిజమే కదా. మనం తలతో పుడతాం, గింజ కాలితో పుడుతుంది. ముందు వేరును కిందికి దింపి, భూమిని గట్టిగా పట్టుకున్నాకే తల పైకెత్తుతుంది. నిలదొక్కుకోకుండా తలెత్తే తెలివితక్కువతనం మనుషులకే ఉంది.

గింజలు మొలిచాయి. లంకవాళ్ళ ప్రాణం లేచొచ్చింది. ఆత్రం కూడా లేచొచ్చింది. వేరు పని తాగడమే కదా అని పొద్దున ఒక కడవ, మధ్యాహ్నం ఒక కడవ, సాయంత్రం ఒక కడవ పోశారు. ఏరు పక్కనే ఉంది, నీళ్ళకేం? మొక్కలు వాడాయి. వాడాయని ఇంకో కడవ పోశారు. ఇంకా వాడాయి. పెంటమ్మ కూడా అలాగే పోసింది. ఆమె మొక్కలు కూడా మూడింట్లో రెండు పడిపోయాయి.

పడిపోయినదాన్ని ఆమె పీకి చూసింది. వేరు నల్లబడింది. వాసన చూస్తే కుళ్ళు. వేరును చేతిలో పట్టుకుని తాడిచెట్టు వైపు చూసింది. నీళ్ళు గడ్డం దాకా వచ్చిన రోజు గుర్తొచ్చింది. ఆ రోజు చుట్టూ ఏరంతా నీళ్ళే. తాగాలనిపించిందా? లేదు. ఊపిరి అందితే చాలనిపించింది.

"ఆపండర్రా!" అని వీధి మొదటి నుంచి చివరిదాకా కేకేసుకుంటూ పోయింది. "వేరు తాగేదే. కాదనను. తాగేదానికి ఊపిరి కూడా కావాలా వద్దా? దాన్ని వరదలో ముంచుతున్నారు మీరు!"

వరద మాట లంకవాళ్ళకి బాగా ఎక్కింది. కడవలు దించారు. మట్టిని గుల్ల చేశారు. మిగిలిన మొక్కలు తేరుకున్నాయి. ఆ రోజు నుంచి పెంటమ్మ పాదు దగ్గర కూర్చున్నప్పుడల్లా ఒక పాట అనుకునేది. పాటంటే పెద్ద పాటేం కాదు. "వేరు తాగాలి, తీగ మొయ్యాలి." అంతే.

తీగలు సాగాయి. నులితీగలు చేతులు చాపి పందిరి పుల్లల్ని చుట్టుకుని, పట్టు దొరికింది కదా అని పైపైకి పాకాయి. ఆకులు చేటలంత అయ్యాయి. పందిళ్ళ మీద ఎటు చూసినా ఆకులే. పువ్వు జాడ లేదు. సింగన్నకి దిగులు పట్టుకుంది. లంకవాళ్ళని పిలిచి కూర్చోబెట్టాడు.

"కరువొచ్చిన ఇంట్లో ముందు ఎవరి తిండి తగ్గించాలి? పని చెయ్యకుండా కూర్చుని తినేవాడిది. అవునా? ఈ ఆకులు చూడండి, తీగ తెచ్చిందంతా ఇవే తినేసి ఎలా బలిశాయో. తెంపి పారెయ్యండి. బలమంతా కాయకి పోతుంది" అన్నాడు.

అందరూ అవునవునన్నారు. పెద్దమనిషి లెక్క ఎప్పుడూ వినడానికి బాగానే ఉంటుంది.

"బావా" అంది పెంటమ్మ. "ఆకు తినేది కాదేమో, వండేదేమో. కింద నీడలో ఉన్న ఆకు పాలిపోద్ది. పైన ఎండ తగిలిన ఆకు నిగనిగలాడద్ది. పొయ్యి కాకపోతే ఎండతో దానికేం పని? వంటమనిషిని గెంటేసి అన్నం ఏదీ అంటే ఎవరు పెడతారు?"

"నీకేం తెలుసే, ఒక్క నోటికి ఒక్క పిడతెడు ఒండుకునేదానివి" అంది సూరమ్మ. అందరూ నవ్వారు. నవ్వుకుంటూ వెళ్ళి తెంపారు.

ఏమైంది? తీగలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. అన్నం లేని పిల్లల్లా కొసలు వేలాడేశాయి. కొన్ని ఎండిపోయాయి. సగం తెంపి సాయంత్రమైందని ఆగినవాళ్ళ పాదులు మాత్రం ఎలాగో బతికి, మళ్ళీ చిగురేశాయి. అప్పటికి లంకలో మిగిలినవి ఇంటికి ఒకటో అరో. సింగన్న తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు. పెంటమ్మ పాటకి ఇంకో ముక్క కలిసింది. "వేరు తాగాలి, తీగ మొయ్యాలి, ఆకు వండాలి."

ఇక మూడో పొరపాటు వినండి. అసలు కథంతా ఈ మూడోదే.

ఫాల్గుణం వచ్చింది. పూలు పూశాయి. సొరపువ్వు మీరు చూశారుగా? తెల్లగా ఉంటుంది, పొద్దువాలే వేళకి విచ్చుకుంటుంది. వాటిలో రెండు రకాలు. ఒక రకానికి కిందనే బొటనవేలంత బుల్లి సొరకాయ ఉంటుంది. అది పిందె పువ్వు. రెండో రకానికి పొడుగాటి కాడ తప్ప ఏమీ ఉండదు. ముందు వచ్చేవి ఇవే, ఎక్కువ వచ్చేవీ ఇవే. పిందె పువ్వు ఒకటి పూసేసరికి ఇవి పది పూస్తాయి. లంకలో వీటికి ఒక పేరుండేది. గొడ్డుపూలు.

మామూలు రోజుల్లో వాటిని ఎవరూ పట్టించుకునేవారు కాదు. పూసేవి, రాలేవి. కానీ ఈ ఏడు అలా కాదుగా. ప్రతి పిందె మీదా ఒక ప్రాణం ఉంది. ఈసారి సూరమ్మే మొదలుపెట్టింది.

"పూత పూసి పిందె లేనిది ఎందుకే తీగకి బరువు? గిల్లి పారెయ్యండి. మొగ్గలతో సహా గిల్లండి. పిందెలకి బలమొస్తుంది" అంది.

ఆడవాళ్ళు పొద్దునా సాయంత్రం పందిళ్ళ కింద నిలబడి గిల్లారు. పిల్లలు కూడా గిల్లారు. లంక బాటలన్నీ తెల్లటి పూలతో నిండిపోయాయి. సూరమ్మ లంక చివరికి కూడా వచ్చింది.

"ఏమే పెంటీ, నీ పందిరి నిండా గొడ్డుపూలే. గిల్లవే?"

పెంటమ్మ పువ్వు దాకా చెయ్యి చాపింది. తెల్లటి రేకులు వేళ్ళకి తగిలాయి. చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నేను గిల్లలేనక్కా."

"ఏం? అవి ఎందుకు పనికొస్తాయో నీకేమన్నా తెలుసా?"

"తెలీదు. నిజంగా తెలీదు. గొడ్డువన్నావుగా, నాకు చెయ్యి రావట్లేదు. ఎవరికి చెయ్యొచ్చినా నాకు రాదు. ఉండనీ. పందిరి నాది, బరువూ నాదే."

సూరమ్మ మూతి తిప్పుకుని వెళ్ళిపోయింది. పెంటమ్మ ఆ సాయంత్రం పందిరి కింద కూర్చుని చాలాసేపు ఏడ్చింది. ఏడవడం తప్పేం కాదు. గట్టిగా ఉండేవాళ్ళు కూడా ఏడుస్తారు, ఏడ్చి లేచి పొయ్యి వెలిగించుకుంటారు.

తర్వాతేమైంది? లంకలో పిందె పూలు విచ్చుకున్నాయి. ఒక్క సాయంత్రం వెలిగాయి. తెల్లారేసరికి ముడుచుకున్నాయి. ఆ తర్వాత పిందె పచ్చబడింది, మెత్తబడింది, టప్పున రాలింది. ఒక పిందె రాలింది, ఇంకో పిందె రాలింది, ఏ పందిరి కింద చూసినా రాలిన పిందెలే. వేరు బాగుంది, తీగ బాగుంది, ఆకు బాగుంది. కాయ మాత్రం నిలవడం లేదు. తల్లులు ఆ పిందెల్ని అరచేతిలో పెట్టుకుని, ఇది పెద్దాడిది, ఇది చిన్నదానిది అని ఏడ్చారు.

చైత్రం సగం గడిచింది. ఇప్పుడు పట్టిన కాయే శ్రావణానికి బుర్ర అవుతుంది. ఇంకా ఆలస్యమైతే కూరకి తప్ప పనికిరాదు.

అప్పుడు ఎవరో పరిగెత్తుకొచ్చి చెప్పారు, పెంటమ్మ పందిరికి కాయలు వేలాడుతున్నాయని. సింగన్న వెళ్ళాడు. లంకంతా వెనక వెళ్ళింది. నిజమే. ఒకటి కాదు, రెండు కాదు, పందిరి వంగిపోయేన్ని కాయలు. వాటి మధ్యన గుత్తులు గుత్తులుగా గొడ్డుపూలు.

"ఏం మందు పెట్టావమ్మా?" అన్నాడు సింగన్న. అంతకుముందు ఎప్పుడూ ఆమెని అమ్మా అనలేదు.

"ఏం పెట్టలేదు బావా. మీరు గిల్లారు, నేను గిల్లలేదు. అంతే తేడా."

"ఆ పూలకీ ఈ కాయలకీ ఏంటి చుట్టరికం?"

"అదే నేనూ చూస్తన్నాను. పొద్దు వాలనివ్వండి, కూర్చోండి."

కూర్చున్నారు. పొద్దు వాలింది. పూలు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. వాసన వచ్చింది. వాసన వెంట ఒక పెద్ద రెక్కల పురుగు వచ్చింది. గొడ్డుపువ్వు మీద వాలింది. తేనె తాగి లేచేసరికి దాని మూతికి, ఒంటికి పసుప్పచ్చటి పొడి. ఆ పొడితోనే వెళ్ళి పిందె పువ్వు మీద వాలింది. అక్కడ కొంచెం అంటించింది. పేరంటంలో ఒకమ్మ చేతి పసుపు ఇంకో అమ్మ బుగ్గకి అంటినట్టు.

పెంటమ్మే లేచింది. ఒక గొడ్డుపువ్వు కోసి, రేకులు వెనక్కి మడిచి, మధ్యనున్న పసుపుని అప్పుడే విచ్చుకున్న ఒక పిందె పువ్వు నడిబొడ్డున మెల్లగా అద్దింది.

"పసుపు పెట్టేవాళ్ళని గెంటేసి పేరంటం చేశారు మీరు" అంది. "పిందె రాలక ఏం చేస్తుంది?"

ఆడవాళ్ళు తలలు దించుకున్నారు. మొగ్గలతో సహా గిల్లేసిన పందిళ్ళు వాళ్ళవి. పెట్టడానికి పసుపున్న పూలు లంక మొత్తానికి పెంటమ్మ పందిరికే ఉన్నాయి.

సూరమ్మ ముందుకొచ్చింది. ఆమె ఐదుగురు బిడ్డల్లో ఆఖరిది చిట్టి. పాకే పిల్ల. సూరమ్మ తీగకి ఇంకా మిగిలినవి కొన్ని పిందె మొగ్గలు. అవి కూడా రాలితే చిట్టికి బుర్ర లేదు.

"మా ఇంటికొచ్చి కాస్త... మా పిందెలకి కూడా..." అంది.

పెంటమ్మ ఆమె మొహంలోకి చూసింది.

"వస్తానక్కా. తప్పకుండా వస్తాను. కానీ పసుపు పెట్టడమంటే పేరంటం. పిలవని పేరంటానికి నేను రాను. పిలువు."

సూరమ్మ ఇంటికి వెళ్ళింది. వెళ్ళిపోయిందనుకున్నారు. కుంకుమ భరిణె తీసుకుని తిరిగొచ్చింది. పెంటమ్మ గుమ్మం ముందు నిలబడి, ఆమె నుదుట బొట్టు పెట్టింది.

"చెల్లీ, మా ఇంట పేరంటం. నువ్వు రావాలి. నువ్వొచ్చి పసుపు పెట్టాలి" అంది.

పెంటమ్మ అప్పుడు ఏడ్చింది. ఆపుకోలేదు, దాచుకోలేదు. ఏడుస్తూనే పూలు కోసి ఒడి నింపుకుంది. ఆ సాయంత్రం సూరమ్మ పందిరికి పెట్టింది. మరుసటి సాయంత్రం పక్కింటికి, ఆ మరుసటి సాయంత్రం ఆ పక్కింటికి. ప్రతి ఇంటి ఆడమనిషీ వచ్చి బొట్టు పెట్టి పిలిచింది. ఏ ఇంటి పిలుపు ఎన్నేళ్ళు బాకీ ఉందో ఆ ఇల్లు ఆ వసంతంలో తీర్చుకుంది. పెంటమ్మ పెట్టిన పిందె ఒక్కటీ రాలలేదని మా ముత్తవ్వ చెప్పింది. ఒకటో రెండో రాలే ఉంటాయి, కానీ మా ముత్తవ్వ మాట కాదనే ధైర్యం నాకు లేదు.

కాయలు ఊరాయి. ముదిరాయి. ఆకులు వండిందంతా కాయల్లోకి దించి, పని అయిందన్నట్టు పచ్చబడి రాలాయి. తీగలు ఎండాయి. కాయలు ఎండి గలగలమన్నాయి. ఆషాఢం ఆఖరుకి ప్రతి చూరుకీ బుర్రలు వేలాడాయి.

సూరమ్మ తన తీగ మొదటి బుర్రలు రెండు కోసింది. చిట్టికి కట్టలేదు. ఆ రెండూ తీసుకుని లంక చివరికి నడిచి, పెంటమ్మ చూరుకి తన చేత్తో కట్టింది.

"నాకెందుకక్కా? నా పందిరికి బోలెడున్నాయి."

"నీ పందిరివి నువ్వు కాయించుకున్నవి. ఇవి తల్లి బుర్రలు. ఆ పిందెలకి పసుపు పెట్టింది నువ్వు. వాటికి నువ్వూ తల్లివే" అంది సూరమ్మ. అని, మళ్ళీ అంది, "నేనన్న మాటలు మర్చిపోవే చెల్లీ."

"మర్చిపోలేనక్కా. కానీ నిన్ను కూడా వదులుకోలేను" అంది పెంటమ్మ.

శ్రావణంలో వరద వచ్చింది. అంతకుముందెన్నడూ రానంత వరద. తాడిచెట్టు మొవ్వ కూడా మునిగిన వరద. ఆ రోజు పెంటమ్మ తాడిచెట్టు దగ్గరికి పోలేదు. తల్లి బుర్రలు రెండూ చంకలకి కట్టుకుని, చిట్టిని వీపున కట్టుకుని, అందరితో పాటు ఏట్లోకి దిగింది. సొరలంక మొత్తం తేలుకుంటూ గట్టుకు చేరింది. గట్టెక్కాక సింగన్న ఇంటింటికీ పేరుపెట్టి పిలిచి చూసుకున్నాడు. ఒక్కరు తగ్గలేదు.

నీళ్ళు తీసి లంకకి తిరిగొచ్చాక అతను కట్టుబాటు మార్చాడు. కోడలు లంకలో కాలు పెట్టిన రోజే ఆమెకి రెండు బుర్రలు కట్టాలి. కన్నా కనకపోయినా ఆమె లంక మనిషే.

పెంటమ్మ చాలాకాలం బతికింది. పాదు పెట్టని ఏడు లేదు, పేరంటానికి పోని ఇల్లు లేదు. జుట్టంతా సొరపువ్వులా తెల్లబడ్డాక, ఒక చైత్రమాసంలో పొద్దువాలే వేళ, పువ్వులు విచ్చుకునే వేళ కన్నుమూసింది.

"పిల్లల్లేని మనిషి. కొరివి ఎవరు పెడతారు?" అన్నాడు గట్టు నుంచి వచ్చిన ఒక కొత్తవాడు.

వాడికి జవాబు చెప్పడానికి కూడా ఎవరికీ తీరిక లేదు. నేను పెడతానంటే నేను పెడతానని లంకలో తగువు జరుగుతోంది. చివరికి చిట్టి, అప్పటికి ఆమె కూడా పిల్లల తల్లి, ఒక మాట చెప్పింది. ప్రతి ఇంటి నుంచి ఒక ఎండు సొరతీగ తెచ్చారు. అన్నీ కలిపి ఒక్క కట్ట కట్టి, అందరి చేతులూ దాని మీద వేసి నిప్పు పెట్టారు. బూడిదని ఒక బుర్రలో పోశారు. దానిలో గుప్పెడు గింజలు కూడా వేశారు. ఏట్లో వదిలారు. బుర్ర మునగలేదు. తేలుకుంటూ, ఊగుకుంటూ దిగువ లంకల వైపు వెళ్ళిపోయింది.

అందుకే ఇప్పటికీ ఎవరూ నాటకుండా పెంటకుప్ప మీద సొరపాదు మొలిస్తే ఆ లంకల్లో దాన్ని పీకరు. పెంటమ్మ వచ్చిందంటారు. పిందె లేని పువ్వుని గొడ్డుపువ్వు అనరు, పసుపుపువ్వు అంటారు. పిల్లలు దాన్ని ఊరికే గిల్లితే చేతి మీద ఒక్కటేస్తారు. సొర పూతకొచ్చిన మొదటి సాయంత్రం పందిరి కింద పేరంటం చేస్తారు. ఆ పేరంటానికి బొట్టు పెట్టి మొదట పిలిచేది పిల్లల్లేని ఆడమనిషిని. ఆమె వచ్చి పసుపు అద్దితేగానీ ఇంకెవరూ పువ్వు ముట్టరు. అప్పుడు ఆడవాళ్ళందరూ కలిసి పెంటమ్మ పాట అంటారు. "వేరు తాగాలి, తీగ మొయ్యాలి, ఆకు వండాలి, పువ్వు పిలవాలి, కాయ దాచాలి, గింజ గుర్తుంచుకోవాలి."

తెలివితక్కువవాళ్ళు అన్ని ఊళ్ళలోనూ ఉంటారు, అక్కడా ఉన్నారు. ఎప్పుడన్నా ఒకరు ఏ కొత్తకోడల్నో పట్టుకుని, పూత లేదు, పిందె లేదు, కాయ లేదు అని మొదలుపెడతారు. ఆ పిల్ల తల దించుకునేలోపే చుట్టూ ఉన్న ఆడవాళ్ళందరూ ఒక్కగొంతుతో అందుకుంటారు.

"అయితేనేం, వేరుంది!"

కథ పందిరెక్కింది. ఇక మీరు ఊఁ అనడం ఆపొచ్చు.